వెలితి చూపు నుంచి నిండు చూపుకి: ఎనిమిది వారాల సాధన

మా అమ్మమ్మ నోట "బియ్యం అయిపోయాయి" అన్న మాట నేనెప్పుడూ వినలేదు. డబ్బా అడుగున సోల తగిలి ఖంగుమంటే, "ఏమండీ, బియ్యం నిండుకున్నాయి" అనేది తాతయ్యతో. ఖాళీ డబ్బా పట్టుకుని నిండుకుందంటుందేమిటని చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది. మన ఇళ్లలో ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. బయల్దేరేవాళ్లు వెళ్తాననరు, వెళ్లొస్తానంటారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, చెడ్డ మాట అంటే అదే జరుగుతుందనీ పెద్దవాళ్ల నమ్మకం.

పెద్దయ్యాక నాకు అందులో ఇంకో సంగతి కనబడింది. అమ్మమ్మ ఆ మాట అని ఊరుకునేది కాదు. అదే పూట సంచి తీసి తాతయ్య చేతికిచ్చేది. ధాన్యం మర ఆడించాలా, కొట్టు నుంచి తేవాలా, పండగ దాకా ఎన్ని కావాలి, అన్నీ లెక్కగా చెప్పేది. ఖాళీని చూసింది, నలుగురూ భయపడని మాటలో చెప్పింది, చేయాల్సింది చేసింది. సానుకూల దృక్పథమనీ, సమృద్ధి భావననీ, అబండెన్స్ మైండ్‌సెట్ అనీ ఇప్పుడు మనం చెప్పుకునేదాంట్లో పనికొచ్చే సారమంతా నాకు ఆ మూడు పనుల్లోనే దొరికింది. ఈ వ్యాసంలో ఉన్నవన్నీ నేను చేసి చూసినవి. ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను ఉంటే చాలు.

ముందు ఒకటి తేల్చుకుందాం

కళ్లు మూసుకుని ఇల్లు, కారు, కోటి రూపాయలు ఊహించుకుంటే అవే వెతుక్కుంటూ వస్తాయని చెప్పే వీడియోలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిని నమ్మి నెలలకు నెలలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఈ మాట కాస్త గట్టిగా చెబుతున్నాను. గాబ్రియెలె ఒటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త, బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన స్త్రీలను గమనించి 1991లో తన ఫలితాలు ప్రచురించారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గారు. సన్నబడ్డాక ఎంత అందంగా ఉంటామోనని తీయగా పగటికలలు కన్నవాళ్లు తక్కువ తగ్గారు. కల కంటున్నంతసేపూ పని అయిపోయినట్టే మనసు సంబరపడిపోతుంది. ఆ తర్వాత లేచి నడవడానికి ఊపు మిగలదు.

నమ్మకం పెంచుకోవాలి, పగటికల తగ్గించుకోవాలి. కింద ఉన్నవన్నీ ఆ పనికే.

మొదటి వారం: "లేదు"ల చిట్టా

వారం రోజుల పాటు "లేదు", "చాలదు", "రాదు", "మనకెక్కడిది" అని మీరు పైకి అన్నప్పుడల్లా, లోపల అనుకున్నప్పుడల్లా ఒక్క లైను రాయండి. రోజు, వేళ, ఆ మాట. అంతే. మంచీ చెడూ తీర్పు చెప్పుకోవద్దు, అప్పుడే మార్చాలని చూడొద్దు. నా చిట్టాలోంచి నాలుగు లైన్లు:

సోమవారం ఉదయం 8: టిఫిన్ తినే టైమ్ లేదు.
సోమవారం 11: నాకు ఇంగ్లీష్ రాదు. మీటింగ్‌లో నోరెత్తలేదు.
మంగళవారం రాత్రి: మరిది వాళ్లు ఫ్లాట్ కొన్నారు. మనకెప్పటికి?
బుధవారం: బడి ఫీజుకి 14 వేలు తక్కువ.

ఆదివారం కూర్చుని ప్రతి లైను పక్కనా ఒక అక్షరం వేయండి. నిజంగా చేతిలో లేనిదైతే "చే". మనసుకు లేదనిపించేదైతే "మ". పైవాటిలో ఫీజు "చే". ఆ 14 వేలను ఏ సానుకూల ఆలోచనా తెచ్చిపెట్టదు, దానికి డబ్బు దారే వెతకాలి. మరిది వాళ్ల ఫ్లాట్ "మ". వాళ్లు కొనడం వల్ల నా ఇంట్లోంచి ఒక్క రూపాయి పోలేదు. టైమ్ సంగతి కాస్త పరీక్షగా చూస్తే, పొద్దున లేవగానే ఇరవై నిమిషాలు ఫోన్ చూస్తున్నానని తేలింది. ఇంగ్లీష్ లైను పక్కన ఏ అక్షరం వేయాలో తెలియక రెండూ వేశాను.

ఈ రెండింటినీ విడదీయడం అన్నిటికన్నా ముఖ్యం. చేతిలో డబ్బు లేనివాళ్లకు "నీ ఆలోచన మార్చుకో" అని చెప్పడం అన్యాయం. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద ఒక అధ్యయనం జరిగింది. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో కలిసి చేసిన ఆ పని 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చెరకు రైతుకి డబ్బు పంట కోత తర్వాతే చేతికొస్తుంది. కోతకు ముందు చేయి బిగుతుగా ఉన్న రోజుల్లో ఒకసారి, కోత తర్వాత ఇంకోసారి అదే రైతుకు ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. కోత తర్వాత వాళ్లు స్పష్టంగా మెరుగ్గా చేశారు. అదే మనిషి, అదే తెలివి. ముందరి రోజుల్లో అప్పు, వడ్డీ, ఇంటి ఖర్చుల లెక్కలు బుర్రలో సగం చోటు తినేశాయి.

మీ చిట్టాలో "చే"లు ఎక్కువగా ఉంటే మిమ్మల్ని మీరు నిందించుకోకండి. వచ్చే మెట్టు మీకే.

రెండు, మూడు వారాలు: పిడికెడు పక్కకు

అమ్మమ్మ అన్నానికి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి గూట్లో ఉన్న చిన్న పిడతలో వేసేది. రోజూ అంతే. ఆ పిడికెడు తగ్గినందుకు ఎవరికీ అన్నం తక్కువ కాలేదు. నెల తిరిగేసరికి పిడత నిండేది. వేళ కాని వేళ చుట్టాలొస్తే అందులోంచే వండేది, గుమ్మం ముందుకొచ్చి అడిగినవాళ్లకు అందులోంచే పెట్టేది. ఆమె నోట "లేదు" అన్న మాట రాకపోవడానికి ఆ పిడత కూడా ఒక కారణమని నా నమ్మకం. మనసుకు ధైర్యం గాల్లోంచి రాదు, మిగులును కళ్లతో చూసినప్పుడు వస్తుంది.

డబ్బులో ఈ పని రెండు ముక్కలు. మొదటిది కాగితం. ఈఎంఐలు, చీటీ, ఫీజులు, కరెంటు, పాలు, ఇంటద్దె, నెలలో కట్టాల్సినవన్నీ తేదీలతో సహా ఒకే కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. బుర్ర మోస్తున్న లెక్క కాగితం మోస్తే, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం తగ్గుతుంది. రెండోది జీతం పడ్డ రోజే, ఖర్చులు మొదలవకముందే, మీ పిడికెడు వేరే ఖాతాలోకి వెళ్లిపోవడం. పోస్టాఫీసు ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతా, నెలకు 100 రూపాయలతో కూడా మొదలవుతుంది. మొత్తం ఎంతన్నది మొదటి ఆర్నెల్లూ పట్టించుకోకండి, ఆగకుండా పడుతోందా లేదా అన్నదే చూడండి. చీటీ వేసేవాళ్లయితే 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన దాంట్లోనే వేయండి. ఐదు నిమిషాల్లో అప్పిస్తామనే ఫోన్ యాప్‌ల జోలికి మాత్రం ఎంత ఇబ్బందిలోనూ వెళ్లకండి.

పిడికెడుతో ఏమవుతుందిలే అనిపిస్తే నెల్లూరు జిల్లా ఆడవాళ్లను తలచుకోండి. 1990ల మొదట్లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం జిల్లా అంతా, ఆ తర్వాత రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. ఆ ఊపు చల్లారకముందే అదే జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టే పొదుపు లక్ష్మి సంఘాలు కట్టుకున్నారు. కూలికి పోయే మనిషి రోజుకో రూపాయి పక్కన పెట్టడం మొదలుపెట్టినప్పుడు, తన చేతిలో ఏముందని చూసుకునే చూపే మారిపోయింది.

సమయంలో కూడా ఇంతే. వారంలో ఒక గంటకు ఏ పనీ పెట్టకండి. ఎవరికీ మాటివ్వని గంట అది.

మూడో వారం నుంచి: "రాదు" పక్కన "ఇంకా"

ఇక భాష. అద్దం ముందు నిలబడి "నేను గొప్పదాన్ని, నాకన్నీ ఉన్నాయి" అని రోజూ పదిసార్లు చెప్పుకోమంటారు చాలామంది. 2009లో జోఆన్ వుడ్, ఆమె సహచరులు కెనడాలో దీన్ని పరీక్షించారు. తమ మీద తమకు నమ్మకం బాగా ఉన్నవాళ్లకు ఆ మాటలు కొంచెం మేలు చేశాయి. నమ్మకం తక్కువున్నవాళ్లకు కీడు చేశాయి, అంతకుముందు కన్నా దిగులు పెరిగింది. కారణం ఊహించడం కష్టం కాదు. నోరు ఒకటంటుంటే లోపలి మనిషి "అబద్ధం" అంటూనే ఉంటుంది.

మన తెలుగులో ఇంతకన్నా నిజాయితీ గల ఉపాయం ఉంది. "నాకు రాదు" అన్న మాటకు కాలం లేదు. నిన్న రాదు, ఇవాళ రాదు, రేపూ రాదు. తలుపు మూసి గడియ పెట్టినట్టు ఉంటుంది. "నాకు ఇంకా రాలేదు" అంటే ఇవాళ్టి సంగతి మాత్రమే చెప్పినట్టు. అందులో అబద్ధం లేదు, గొప్ప లేదు. అలాగే "నేను చేయలేను" ఒక శాసనం, "నేనింకా చేయలేదు" ఒక వార్త. "మనవల్ల కాదు" అనే చోట "మనవల్ల ఇంకా కాలేదు" అని చూడండి, వాక్యం ముగిశాక కూడా నోటికి ఇంకేదో చెప్పాలనిపిస్తుంది. సామర్థ్యం పుట్టుకతో ఆగిపోదు, సాధనతో పెరుగుతుందని ఏళ్ల తరబడి పరిశోధించిన కరోల్ డ్వెక్ కూడా పిల్లలకు ఈ "ఇంకా" అనే మాటే నేర్పమని చెప్పారు.

చిట్టాలోని "రాదు"లన్నిటినీ ఇలా తిరగరాయండి. నాది "నాకు మీటింగ్‌లో ఇంగ్లీష్ మాట్లాడటం ఇంకా రాలేదు" అయింది. రాసిన కాసేపటికి నన్ను నేనే అడిగాను: మీటింగ్‌లో నేను నిజంగా చెప్పాల్సింది ఎన్ని వాక్యాలు? లెక్కపెడితే ఆరు.

ఇంట్లో పిల్లలుంటే ఈ మెట్టు వాళ్లతో కలిసి చేయండి. "మా వాడికి లెక్కలు రావండీ" అని వాడి ఎదురుగా చుట్టాలతో అనడం ఆపేయడమే సగం పని.

నాలుగో వారం: నిండినవి రాయడం

కృతజ్ఞత పుస్తకం గురించి చాలామందికి తెలుసు, రాసేవాళ్లు మాత్రం పది రోజుల్లో మానేస్తారు. రోజూ రాయమనడమే అందుకు కారణమని నా అనుభవం. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదాంట్లో విద్యార్థులు వారానికొకసారే, పది వారాల పాటు, ఐదు దాకా మంచి విషయాలు రాశారు. చిరాకులు రాసినవాళ్లకన్నా వీళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా అనుకున్నారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. సోన్యా లుబోమిర్‌స్కీ బృందం చూసినప్పుడు వారానికి ఒకసారి రాసినవాళ్లకే ఫలితం కనిపించింది. మూడుసార్లు రాసినవాళ్లకు అది మొక్కుబడి అయిపోయినట్టుంది.

వారానికి ఒక్క రోజు పెట్టుకోండి. నాది గురువారం. మూడు లైన్లు చాలు, కానీ పైపై మాటలు రాయొద్దు. "మంచి కుటుంబాన్నిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు" అని రాస్తే చేయి రాస్తుంది, మనసు కదలదు. "మంగళవారం వాన మొదలైనప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. పక్కింటి పిన్నిగారు మా డాబా మీది బట్టలు తీసి, పిల్లల యూనిఫామ్ వేరుగా మడతపెట్టి ఇచ్చారు" అని రాయండి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు. ఆ లైను రాశాక ఆ మనిషికి ఒక మాట చెప్పగలిగితే ఇంకా మంచిది. ఆమెకు చెబితే, "యూనిఫామ్ తడిస్తే పొద్దున పిల్లాడికి ఇబ్బంది కదమ్మా" అన్నారు. మన ఇంటి పొద్దుటి హడావిడి గురించి ఇంకొకరు ఆలోచిస్తున్నారని తెలియడం చిన్న సంగతి కాదు.

ఐదో వారం: పోలికను ప్రశ్నగా మార్చడం

అన్నిటికన్నా నాకు కష్టమైన మెట్టు ఇది. పోలిక మన చుట్టూ గాలిలా ఉంటుంది. పెళ్లి భోజనాల దగ్గర ఎవరి అబ్బాయి ప్యాకేజీ ఎంత, ఎవరి అమ్మాయికి అమెరికా వీసా వచ్చింది. ఇంటికొచ్చాక వాట్సాప్ స్టేటస్‌లో అవే మళ్లీ. వెలితి చూపు ఉన్నవాళ్లకు పక్కవాళ్ల విస్తట్లో పడ్డ ప్రతి ముద్దా తమ విస్తట్లోంచి తీసినట్టే అనిపిస్తుంది.

కొన్ని చోట్ల పోటీ నిజమే, కాదని చెప్పను. గ్రూప్స్ పోస్టులు ఇన్నే, మెడికల్ సీట్లు ఇన్నే. కానీ మన అసూయల్లో ఎక్కువ భాగం అలాంటి చోట పుట్టినవి కావు. మరిది వాళ్ల ఫ్లాట్ లాంటివే.

చేయాల్సింది ఇది. ఎవరి మంచి వార్త విన్నప్పుడైనా లోపల చురుక్కుమంటే, ఆ చురుకును తిట్టుకోకండి. ఒక రోజు లోపల వాళ్లకు ఫోన్ చేసి అభినందించి, నిజంగా తెలుసుకోవాలనుకున్న ప్రశ్న ఒకటి అడగండి. నేను మూడు రోజులు వెనకాడి తోడికోడలికి ఫోన్ చేశాను. "చాలా సంతోషం రా. బ్యాంకువాళ్లు ఏయే కాగితాలు అడిగారు?" అన్నాను. "కాగితాలు తర్వాత అక్కా, ముందు మీ సిబిల్ స్కోరు చూసుకోండి. పాత క్రెడిట్ కార్డు బాకీ ఒకటి మర్చిపోయి మేము అక్కడే ఆర్నెల్లు ఆగిపోయాం. ఆయనైతే ఇక ఇల్లు వద్దనేశారు" అంది. సిబిల్ స్కోరంటే మనం అప్పులు వేళకు కడుతున్నామో లేదో బ్యాంకులకు చూపే అంకె. వాళ్ల ఆర్నెల్ల అవస్థ నాకు కనబడలేదు, గృహప్రవేశం ఫొటోలే కనబడ్డాయి. ఆ సాయంత్రమే మా ఆయనా నేనూ మా స్కోరు చూసుకున్నాం.

ఆరో వారం: ఇవ్వడం, హద్దు తెలిసి

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఉండేవారు, 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయల మధ్య ఊరు. రేవు దాటి అలిసిపోయి వచ్చే బాటసారులకు ఏ వేళప్పుడైనా ఆ ఇంట్లో అన్నం ఉండేది. ఆంధ్రుల అన్నపూర్ణ అని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరే పెట్టారు. అంత మనం చేయలేం. కానీ ఇచ్చే చేయికి "నా దగ్గర ఉంది" అన్న సంగతి అనుభవంలోకి వస్తుంది, ఎంత చెప్పుకున్నా రాని అనుభవం అది. 2008లో ఎలిజబెత్ డన్ బృందం కొందరికి 5 లేదా 20 డాలర్లిచ్చి ఆ రోజే ఖర్చు పెట్టమంది. సాయంత్రానికి, ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. మొత్తం ఐదా ఇరవయ్యా అన్నది తేడా తేలేదు.

డబ్బే కానక్కర్లేదు. మీకొచ్చిన పని ఒకటి నేర్పండి, చదివేసిన నోట్సు ఇవ్వండి. హద్దు మాత్రం ఉండాలి. పిడతలోంచి ఇవ్వండి, డబ్బాలోంచి కాదు. హామీ సంతకాలు ఈ లెక్కలోకి రావు.

ఏడు, ఎనిమిది వారాలు: కోరిక, అడ్డు, అప్పుడు

పగటికలల సంగతి తేల్చిన ఒటింగెన్, కోరికను ఏం చేయాలో కూడా చెప్పారు. కోరికనూ, దానికి మన లోపలున్న అడ్డునూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆమె భర్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధించిన "ఇలా అయితే అలా చేస్తాను" అనే వాక్యం దానికి తోడు. నేను రాసుకున్నది యథాతథంగా ఇస్తున్నాను.

కోరిక: రెండు నెలల్లో సోమవారం మీటింగ్‌లో నా పని గురించి నేనే చెప్పాలి.
జరిగితే: నా పని నా నోటితో వింటారు, ఇంకొకరి నోటితో కాదు.
అడ్డు: తప్పు పలికితే నవ్వుతారన్న భయం. మొదటి వాక్యం దగ్గరే గొంతు పట్టేస్తుంది.
అప్పుడు: నా పేరు పిలవగానే కాగితం మీది మొదటి వాక్యం చూసి చదువుతాను. రాత్రి గిన్నెలు సర్దగానే ఆరు వాక్యాలూ రెండుసార్లు పైకి చదువుతాను.

అడ్డు దగ్గర నిజాయితీగా ఉండాలి. "టైమ్ లేదు" అని రాస్తే ఆ వాక్యం పనిచేయదు. ఇంకో ప్రశ్న వేసుకుని లోపలికి దిగాలి. "అప్పుడు" కూడా కళ్లకు కనబడే క్షణానికి ముడిపడాలి: గిన్నెలు సర్దగానే, బస్సెక్కగానే, పిల్లల్ని దింపి రాగానే.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది? 21 రోజులన్న మాట నమ్మొద్దు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చూసినప్పుడు సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 దాకా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా వాళ్లే తేల్చారు. నేను మొదటి సోమవారం రెండు వాక్యాలు చదివి ఆగిపోయాను. నాలుగో సోమవారం ఆరూ చదివాను. కాగితం చూడకుండా చెప్పడం ఇంకా రాలేదు.

ఇవి పనిచేయని రోజులు

నిద్ర, ఆకలి తప్పి, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలకు పైగా గడుస్తుంటే అది ఆలోచన తీరు సమస్య కాదు, వైద్యం అవసరమైన సంగతి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా అలా ఉంటే "పాజిటివ్‌గా ఆలోచించు" అని దయచేసి అనకండి. పక్కన కూర్చుని, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.

ఎనిమిదో వారం చివర

మొదటి వారం చిట్టా తీయండి. "చే" లైన్లలో ఎన్నిటికి దారి దొరికింది, "మ" లైన్లలో ఎన్నిటిని ఇప్పుడు చదివితే చురుక్కుమనడం లేదు, చూసుకుని పక్కన తేదీ వేయండి. కొట్టేయకండి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చదువుకోవడానికి ఉంటుంది. ఆ తర్వాత కొత్త పేజీ తీసి ఇంకో వారం చిట్టా రాయండి. నా రెండో చిట్టాలో ఫీజు లైను లేదు, రెండు విడతలుగా కడతానని బడిలో అడిగితే ఒప్పుకున్నారు. అడగొచ్చని అంతకుముందు నాకు తోచలేదు. "టైమ్ లేదు" మాత్రం నాలుగు చోట్ల ఉంది. ఈసారి అక్కడి నుంచి మొదలుపెట్టాను.